ఆటల సంఘాలకు సభ్యులెవరు?

సంపాదకుల వారికి,



హైదరాబాదు క్రికెట్ సంఘాన్ని గూర్చిన వార్తలు ఆటల పేజీలో కంటె కోర్టు వార్తల నడుమ ఎక్కువగా కనిపించడం పాఠకులకు అలవాటైపోయినది. రాయచూరులో ఉన్న మీకు ఆ సంఘంతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చును. 1956 నవంబరు 1వ తేదీకి ముందు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆనాడు ఈ జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనలో అవి అటు, మేము ఇటు అయినాము. ఇప్పుడు మా పిల్లలు ఆడేది కర్ణాటక రాష్ట్ర క్రికెట్ సంఘంవారి రాయచూరు జోను తరఫున. అయినను చుట్టరికాలు తెగలేదు. అక్క కొడుకు గద్వాలలో, తమ్ముని కొడుకు రాయచూరులో బ్యాటు పట్టే కుటుంబాలు మాలో ఉన్నవి. పైగా అక్కడి జబ్బు ఇక్కడికి రాదన్న పూచీ ఏమీ లేదు. చిన్న మోతాదులో అది మా ఊరికి వచ్చి పోయినది కూడా. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. సంఘాలలో తగాదాలకు కారణం పదవీ వ్యామోహమని అందరూ అంటారు. అది సగం నిజం. పదవీ వ్యామోహం లేని సంఘం ఎక్కడ ఉన్నది? ఆ వ్యామోహానికి ఆయుధం అందించేది సభ్యత్వపు జాబితా. ఓటు ఎవరిది, ఎందుకు వారిది అన్న విషయం తేలనంతవరకు ఎన్ని తీర్పులు వచ్చినా, ఎందరు న్యాయమూర్తులు వచ్చి పెత్తనం చేసినా ఏ ఆటల సంఘమూ బాగుపడదు.

హైదరాబాదు సంఘం నిన్న మొన్నటిది కాదు. 1934లో ఏర్పడినది. 1937-38లోనే రంజీ ట్రోఫీ గెలిచినది. గులాం అహమ్మదు, జయసింహ, అబ్బాస్ అలీ బేగ్ మొదలు శివలాల్ యాదవ్, అజరుద్దీన్, లక్ష్మణ్ దాకా ఎందరు ఆటగాళ్లను ఇచ్చినది! 1986-87లో రెండవమారు రంజీ ట్రోఫీ తెచ్చినది. ఆ తరువాత 2025 వరకు ఆ ట్రోఫీ మళ్లీ హైదరాబాదు ముఖం చూడలేదు. దీనికి కోర్టు వ్యాజ్యాలొక్కటే కారణమని నేను అనను. కాని మైదానంలో చూపవలసిన శ్రద్ధ వకీళ్ల ఇళ్లలో ఖర్చయితే ఏ జట్టు మాత్రం ముందుకు పోగలదు?

గడచిన కొన్ని సంవత్సరాల చరిత్రను వరుసగా చెప్పుకుంటే సంగతి బోధపడుతుంది. 2019 సెప్టెంబరులో జరిగిన ఎన్నికలో భారత జట్టు మాజీ సారథి అజరుద్దీన్ గారు అధ్యక్షులైనారు. ఆటగాడు వచ్చినాడు, ఇక ఆట బాగుపడుతుందని చాలమంది సంతోషించినారు. 2021 జూన్‌లో తోటి కార్యవర్గ సభ్యులే ఆయనను సస్పెండు చేసినారు. అంబుడ్స్‌మన్‌గా ఉన్న విశ్రాంత న్యాయమూర్తి ఆ సస్పెన్షను చెల్లదన్నారు. ఆ అంబుడ్స్‌మన్ నియామకమే చెల్లదని అవతలి పక్షం వాదించినది. తగాదా తీర్చవలసిన వానిని నియమించడమే ఒక తగాదా అయినది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక పర్యవేక్షణ సంఘాన్ని వేసినది. దానితోను పని జరగక 2023 ఫిబ్రవరిలో దానిని రద్దు చేసి, విశ్రాంత న్యాయమూర్తి లావు నాగేశ్వరరావు గారికి ఒక్కరికే భారం అప్పగించినది. అంటే ఆటగాళ్ల జట్టు ఎంపిక మొదలు ఎన్నికల ఓటర్ల జాబితా దాకా అన్నింటికీ దేశంలోని అత్యున్నత న్యాయస్థానం బాధ్యత వహించవలసి వచ్చినది.

ఆ జాబితాను పరిశీలించినప్పుడు తేలినదేమి? ఒకే వ్యక్తి, లేక ఒకే కుటుంబం చేతిలో ఒకటికి మించిన క్లబ్బులు ఉన్నవని నిర్ణయించి, నాగేశ్వరరావు గారు 57 క్లబ్బులను ఆ ఎన్నికలో ఓటు లేకుండా తప్పించినారు. సంఘాధ్యక్షులుగా ఉంటూనే ఒక క్లబ్బుకు కూడా అధ్యక్షులుగా ఉన్నారన్న కారణంమీద అజరుద్దీన్ గారి పేరు సైతం ఓటర్ల జాబితానుంచి తొలగినది. 2023 అక్టోబరు 20వ తేదీన ఎన్నిక జరిగినది. అధ్యక్ష పదవి ఒకే ఒక్క ఓటు తేడాతో తేలినది. 57 క్లబ్బులను ప్రక్కన పెట్టిన ఎన్నిక ఒక్క ఓటుతో తేలినదంటే, జాబితాలో ఒక్క పేరు అటో ఇటో కావడానికి ఎంత విలువ ఉన్నదో పాఠకులు ఊహించుకొనవచ్చును.

కథ అంతటితో ముగియలేదు. 2025 జూలైలో తెలంగాణా సి.ఐ.డి. పోలీసులు సంఘాధ్యక్షుని, కోశాధికారిని, మరికొందరిని అరెస్టు చేసినారు. అభియోగం రుజువయ్యేవరకు ఎవరినీ దోషి అనరాదు, నేనూ అనను. కాని ఆ అభియోగంలో ముఖ్యమైనది ఏమిటో గమనించాలి. ఒక క్లబ్బు తాలూకు కాగితాలు కల్పించి, ఆ క్లబ్బు ద్వారా ఎన్నికలో ప్రవేశించినారన్నది ఫిర్యాదు. చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చినాము. క్లబ్బు ఎవరిది? ఓటు ఎవరిది?

ఈ క్లబ్బు అనేది ఏమిటో ఆటల సంగతి తెలియని పాఠకులకు కొంచెం వివరించవలసి ఉన్నది. హైదరాబాదు సంఘంలో ఓట్లు చాలవరకు మనుష్యులవి కావు, క్లబ్బులవి. ఆ క్లబ్బుల్లో అత్యధిక భాగం జంట నగరాలవి. పూర్వం ఒక పేటలోని యువకులు కూడి చందాలు వేసుకొని, సాయంకాలం వలలు కట్టి ఆడుకొని, ఆదివారం లీగు పందేలకు వెళ్లేవారు. అటువంటి క్లబ్బులకు ఓటు ఇవ్వడం ఎంతయినా న్యాయమే. కాలక్రమంలో కొన్ని క్లబ్బులలో ఆటగాళ్లు మారిపోయినారు, పేట మారిపోయినది. రిజిస్ట్రేషను కాగితం మాత్రం ఒకరి పెట్టెలో ఉండిపోయినది. ఏటేటా పదకొండుమందిని ఎక్కడినుంచో పోగుచేసి లీగులో దింపితే ఆ కాగితం చెల్లుతూనే ఉంటుంది. కాగితం చెల్లుబాటైతే ఓటు చెల్లుబాటవుతుంది. తండ్రి తరువాత కొడుకు, అన్న తరువాత తమ్ముడు దానిని అనుభవించడం మొదలుపెడితే అది క్లబ్బు కాదు, ఇనాము భూమి. మరొక వైపు చూస్తే వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరు వంటి పాత జిల్లాలకు జిల్లా అంతటికీ ఒక్క సంఘం, ఒక్క ఓటు. ఒక జిల్లాలోని ఊళ్లన్నిటి కుర్రవాళ్లు ఒక పళ్లెంలోను, ఒక పెద్దమనిషి పెట్టెలోని కాగితం రెండవ పళ్లెంలోను వేసి తూస్తే త్రాసు సమంగా నిలుస్తున్నదన్నమాట!

ఈ తగాదాల నష్టం ఎవరిమీద పడినదో చూడండి. 2022 సెప్టెంబరు 22వ తేదీన ఆస్ట్రేలియా పందెం టిక్కెట్ల కొరకు సికిందరాబాదు జింఖానా మైదానంవద్ద వేలాది జనం మూగి, తొక్కిసలాటలో గాయపడినారు. 2024 ఏప్రిల్‌లో, ఐ.పి.ఎల్. పందేనికి ముందురోజున, కోటిన్నర రూపాయలకు పైబడిన విద్యుత్ బకాయి కారణంగా ఉప్పల్ స్టేడియానికి కరెంటు తీసివేసినారు. 2025 ఏప్రిల్‌లో మరొక వింత. స్టేడియం ఉత్తరపు స్టాండుకు అజరుద్దీన్ గారి పేరు ఉండరాదని అంబుడ్స్‌మన్ ఉత్తర్వు, దానిపై హైకోర్టు స్టే. ఆ స్టాండు పేరుతో ముడిపడినవారు అజరుద్దీన్ గారు ఒకరు, లక్ష్మణ్ గారు ఒకరు. ఆ ఇద్దరి బ్యాటింగు చూడడానికి పని మానుకొని కూర్చున్నవాళ్లం మనం. వారి పేర్లు వాజ్యపు కాగితాలలో ఎదురెదురుగా నిలువవలసి రావడంకంటె అప్రతిష్ఠ ఏమున్నది?

ఇది హైదరాబాదుకే పరిమితమైన రోగం కాదు. జాతీయ క్రికెట్ బోర్డు సంగతే చూడండి. 2015 జనవరి 22వ తేదీ తీర్పుతో సుప్రీంకోర్టు లోధా కమిటీని వేసినది. 2016 జూలై 18వ తేదీన ఆ కమిటీ సిఫారసులను చాలవరకు ఆమోదించినది. మంత్రులు, ప్రభుత్వోద్యోగులు, డెబ్బది ఏండ్లు దాటినవారు పదవులలో ఉండరాదన్నది. 2017 జనవరిలో బోర్డు అధ్యక్షుని, కార్యదర్శిని తొలగించినది. 2018లో నిబంధనలు కొంత సడలినవి, 2022లో మరికొంత సడలినవి. ఫుట్‌బాల్‌లో ఇంకొక ముచ్చట. 2022 మే నెలలో సుప్రీంకోర్టు అఖిల భారత సమాఖ్యను పరిపాలకుల కమిటీకి అప్పగించగా, ఆగస్టులో అంతర్జాతీయ సంస్థ ఫిఫా బయటివారి జోక్యమని భారతదేశాన్నే సస్పెండు చేసినది. పది పన్నెండు రోజులకు ఆ శిక్ష తొలగినది గాని, మన దేశంలో జరగవలసిన బాలికల ప్రపంచ కప్పు పోతుందేమోనని అందరూ గుండెలు అరచేత పట్టుకొని ఉండవలసి వచ్చినది. సంఘం తన ఇల్లు తాను చక్కబెట్టుకొనక కోర్టుకు పోయినప్పుడు, కోర్టు చేసే మంచి పని కూడా ఒక్కొక్కప్పుడు ఆటకు ముప్పు తెస్తుంది.

మా కర్ణాటకం మాత్రం దీనికి వెలి కాదు. 2025 జూన్ 4వ తేదీన బెంగుళూరు చిన్నస్వామి స్టేడియంవద్ద తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయినవి. ఆ సంవత్సరాంతంలో రాష్ట్ర సంఘానికి ఎన్నిక వచ్చినప్పుడు, అధ్యక్ష పదవికి నిలిచిన ఒక అభ్యర్థి నామినేషనును ఆయన ప్రాతినిధ్యం వహించే సంస్థ రెండువందల రూపాయల చందా బాకీ ఉన్నదని తిరస్కరించినారు. వ్యవహారం హైకోర్టుకు పోగా నామినేషను నిలిచినది. డిసెంబరు 7వ తేదీన పోలింగు జరిగి వెంకటేశ్ ప్రసాద్ గారు అధ్యక్షులైనారు. ఎవరు గెలిచినారన్నది కాదు నా ప్రశ్న. పదకొండు కుటుంబాలు పిల్లలను పోగొట్టుకొన్న ఏడాదిలో రెండువందల రూపాయల రసీదుమీద హైకోర్టుకు పోవలసిన గతి సంఘానికి ఎందుకు పట్టినది?

ఇప్పుడు మా ఊరి సంగతి చెబుతాను. అది పేరు చెప్పనక్కరలేని ఒక చిన్న ఆటల సంఘం. ఏడాదికొకసారి సర్వసభ్య సమావేశం, ఒక గది, ఒక మ్యాటింగు, రెండు జతల ప్యాడ్లు, ఇదీ దాని ఆస్తి. ఒక సంవత్సరం సమావేశానికి ముందురోజు సాయంకాలం ఒక పక్షంవారు నలభైమంది క్రొత్త సభ్యుల చందా మూటగట్టి తెచ్చినారు. కార్యదర్శి రసీదు ఇవ్వనన్నాడు. వారు ఒక బియ్యపు మిల్లు ఆవరణలో వేరే సమావేశం జరిపి వేరే కార్యవర్గాన్ని ఎన్నుకొన్నారు. ఇద్దరు కార్యదర్శులు, ఇద్దరు కోశాధికారులు, ఒకే గది. గదికి ఒకరి తాళంమీద మరొకరి తాళం పడినది. దావా వేసినారు. ఉన్నది ఉన్నట్లే ఉండవలెనని కోర్టు ఉత్తర్వు వచ్చినది. ఉన్నదేమి ఉన్నట్లున్నది? మ్యాటింగును చెదలు తిన్నవి, ప్యాడ్లను ఎలుకలు కొరికినవి. దావా వేసిననాడు పదునాలుగేండ్ల వాడు రాజీ కుదిరిననాటికి పందొమ్మిదేండ్ల వాడైనాడు. పదహారేండ్ల లోపువారి జట్టుకు ఎంపిక కావలసిన వయస్సు వాయిదాలలో కరిగిపోయినది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చినాడన్న సామెత పెద్దలకు సరిపోతుందేమో. కోర్టుకే పోని ఆ కుర్రవాడు ఎక్కడికి పోయి ఏడవవలెను?

ఇందులో నా తప్పు కూడా దాచను. ఆ నలభైమందిలో ముగ్గురు నా సిఫారసుమీద చేరినవారే. వారిలో ఒక్కరూ అంతకుముందు మైదానం ముఖం చూసినవారు కారు, తరువాతను చూడలేదు. స్నేహితుడు అడిగినాడు, సంతకం పెట్టినాను. పెద్ద సంఘాలలో కోట్లతో జరిగేది మా ఊళ్లో ఒక సంతకంతో జరిగినది. అందుచేత హైదరాబాదువారిని నిందించే ముందు మనబోటి సామాన్య సభ్యులు తమ సంతకాలను జ్ఞప్తికి తెచ్చుకొనడం మంచిది.

ప్రభుత్వం చట్టం తెచ్చినది కదా, ఇక చింత ఏమిటని కొందరు అనవచ్చును. నిజమే. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టాన్ని ఆమోదించినది. జాతీయ సంఘాల కార్యవర్గాలు 15 మందికి మించరాదనీ, అందులో కనీసం నలుగురు స్త్రీలు, ఇద్దరు ప్రతిభావంతులైన ఆటగాళ్లు ఉండవలెననీ అది విధిస్తున్నది. తగాదాలకు ప్రత్యేక ట్రిబ్యునలు పెట్టినది. మంచిదే. కాని సమాచార హక్కు చట్టం విషయంలో ప్రభుత్వ ధనసహాయం పొందే సంఘాలకే అది వర్తించేటట్లు చేసినది. పైగా ట్రిబ్యునలు వచ్చినంతమాత్రాన తగాదా పోదు, కోర్టు మారుతుందంతే. ఇక జిల్లా క్లబ్బు గది తలుపుదాకా ఢిల్లీ చట్టం ఎన్నటికి వచ్చేను?

ప్రైవేటు సంఘాల ఇంటి వ్యవహారాలలో బయటివారికి, కోర్టులకు ఏమి అధికారమని మరికొందరి వాదన. ఆ వాదానికి సుప్రీంకోర్టే జవాబు చెప్పినది. క్రికెట్ బోర్డు ప్రభుత్వ శాఖ కాకపోయినను అది చేసే పని ప్రజల పని కాబట్టి హైకోర్టు రిట్టు అధికారానికి లోబడినదేనని 2005లోను, 2015లోను చెప్పినది. దేశం పేరు, రాష్ట్రం పేరు పెట్టుకొని ఆడించేవారు ఇది మా ఇంటి వ్యవహారమంటే చెల్లదు. ఇక పాత క్లబ్బులను తీసివేస్తే ఆటను పెంచినవారికి అన్యాయం కాదా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. వలలు కట్టి కుర్రవాళ్లను ఆడిస్తున్న క్లబ్బు నూరేండ్లదైనా దాని ఓటు దానికి ఉండవలసిందే. ఆడించని క్లబ్బుకు మాత్రం ఓటు ఎందుకు?

కాబట్టి ఈ విషయంలో శ్రద్ధగలవారి పరిశీలనకు కొన్ని సూచనలు చేస్తున్నాను. మొదటిది, ప్రతి సంఘమూ లీగు ప్రారంభానికి ముందే సభ్యత్వపు జాబితాను, ఏ క్లబ్బును ఎవరు నడుపుతున్నారో ఆ పేర్లతో సహా, మైదానంవద్ద బోర్డుమీద ప్రకటించవలెను. ఆక్షేపణలకు ఒక నెల గడువు ఇచ్చి ఆ తరువాత ఎన్నిక ముగిసేవరకు జాబితాలో మార్పు ఉండరాదు. రెండవది, ఒక కుటుంబానికి ఒక క్లబ్బుకు మించి ఉండరాదు; క్లబ్బు ఓటు దాని ఆటగాళ్లు ఎన్నుకొన్న ప్రతినిధికే చెందవలెను. మూడవది, జిల్లాలకు వాటిలో నిజంగా ఆడుతున్న జట్ల సంఖ్యనుబట్టి ఓట్లు ఉండవలెను. నాల్గవది, వకీళ్ల ఖర్చు సంఘం పద్దులలో వేరే పద్దుగా చూపవలెను. పదవికోసం వ్యక్తులు వేసుకొన్న దావాల ఖర్చు ఆయా వ్యక్తులే భరించవలెను. ఇది ఒక్కటి అమలైతే సగం దావాలు గుమ్మం దాటవని నా నమ్మకం. ఐదవది, తగాదా ఎంత ముదిరినా లీగు పందేలు, జట్టు ఎంపిక, ఆట సామగ్రి గది తాళంచెవి వీటికి అడ్డం రాకుండ ముందే నిబంధనావళిలో వ్రాసుకొనవలెను. పెద్దల పోరు పెద్దలది. ఆట మాత్రం ఆగరాదు.

సంఘ కార్యదర్శి అంటే ఏమి చేయగలడో మనవారికి తెలియనిది కాదు. 1943నుంచి 1963లో మరణించేవరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నవారు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం, 1962 జకార్తా ఏషియన్ క్రీడలలో బంగారు పతకం తెచ్చినది. ఆ నేలమీద ఆ పదవికి అంతటి గౌరవం ఉండేది. ఆ గౌరవాన్ని తిరిగి తేవడం న్యాయమూర్తులవల్ల అయ్యేది కాదు. వారు తాళం పగులగొట్టించగలరు గాని సాయంకాలం వచ్చి వల కట్టలేరు.

రాయచూరు, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలవారికి చివరగా ఒక మనవి. మన ఊళ్లలో ఆటల సంఘాల సమావేశాలకు వెళ్లండి. కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషను చట్టం 1960నుంచి ఉన్నది. ప్రతి రిజిస్టరు సంఘమూ ఏటేటా కార్యవర్గపు పేర్లను, లెక్కలను రిజిస్ట్రారుకు దాఖలు చేయవలసి ఉన్నది. ఆ కాగితాలు చూపుమని అడగండి. సభ్యత్వపు ఫారంమీద ఎవరైనా సంతకం అడిగితే, ఆ మనిషి ఆట ఆడేవాడా, ఆడించేవాడా, కనీసం చూసేవాడా అని విచారించి మరీ చేయండి. నేను ఆ పని చేయలేదు. అందుకు మూల్యం నేను చెల్లించలేదు. మా వీధిలోని ఒక కుర్రవాడు చెల్లించినాడు.

ఇట్లు,
ఒక పాత సభ్యుడు
రాయచూరు